సెలా

పక్షవాతం వచ్చాక మా ఆయన బఖీత్‌కి మాట పడిపోయింది. ఇన్నేళ్ళూ పొద్దున్నే ఆయన బైబిల్లో కీర్తన చదివితే నేను వినేదాన్ని. ఇప్పుడు నేనే అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాను. ఎక్కడ తప్పు చదివి ఆయనకి కీడు తెస్తానోనని ఒకటే దడ.

ఇవాళ నేను చదువుతుండగా ఆయన పెదవులు కదిలాయి. కీర్తనల్లో చరణాల చివర వచ్చే మాట, "సెలా" అన్నాడు.

"ఒసేయ్ దిమియానా! మీ మామ నాతోపాటు కీర్తన చదువుతున్నాడే!" అని కోడల్ని కేకేశాను.

"చదవడూ మరి? నీ తప్పులు వినలేక నోరు తెరిచుంటాడు అత్తా!" అంటూ నవ్వుకుంటూ చిక్కుడు గింజల గుజ్జు తెచ్చింది.

చెంచా నోటి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకుని "సెలా" అన్నాడు. నైలు అవతలి నుంచి తెప్పించిన మందు పోయబోతే, చెయ్యి తోసేసి మళ్ళీ అదే మాట.

కోడలి నవ్వు ఆగిపోయింది. "ఆ మాటకి అర్థం ఏంటత్తా?"

"ఎవరికీ తెలీదే. చర్చిలో ఫాదరు అబూనాకీ తెలీదు."

కోడలికి చెప్పలేదు గానీ, పెళ్ళైన కొత్తలో ఆయనే నాకు చెప్పాడు, ఆ మాట దగ్గర ఇక ఆపమని అర్థమని.

రేపటికి ఆ మాట లేని కీర్తన కోసం పేజీలు తిప్పుతున్నాను.