జీలుగు కల్లులోకి నంజుడు

జుట్టు పట్టుకుని పాకలోంచి బయటికి ఈడ్చాడు సత్తిరాజు. సోమలమ్మ మోకాళ్ళు రెండూ రాళ్ళకి గీసుకుని చెక్కుకుపోయాయి.

"మా తమ్ముడికి ఏటెట్టేవే, ముసిలీ?"

తమ్ముడు చిట్టిరాజు అక్కడే, కల్లు పాక ముందు వెల్లకిలా పడున్నాడు. ఇందాకటి దాకా మీసం దువ్వుకుంటూ కూర్చున్నవాడే. తిన్నాడు, తాగాడు, లేచాడు. గుమ్మం దాటాడో లేదో మొహం ఎర్రగా కందిపోయింది. గుండె పట్టుకుని కక్కుకున్నాడు. పడ్డాడు. మరి లేవలేదు. చెరకు తోటలో పనిలో ఉన్న సత్తిరాజు కబురు విని, చేతిలో కత్తి చేతిలోనే ఉండగా పరుగెత్తుకొచ్చాడు.

సోమలమ్మ పాకంటే నర్సీపట్నం నుంచి చింతపల్లి ఎక్కే దారిలో ఎరగనివాళ్ళు లేరు. కార్లు ఆపుకుని మరీ దిగుతారు. జీలుగు చెట్టు కల్లు పొయ్యడానికేముంది, ఎవరైనా పోస్తారు. దేంతో తాగాలో చెప్పడం ఆవిడకే చెల్లింది. పొద్దుటి తీపి కల్లులోకి కాల్చిన జీడిపిక్కలు. ఎండెక్కి పులిసినదాంట్లోకి ఉప్పుచేప. మరీ ఘాటెక్కితే మిరియం దట్టించిన కోడి వేపుడు. తీపి కల్లులోకి చేప అడిగితే పొయ్యనే పొయ్యదు. "డబ్బెట్టి నోరు పాడుసేసుకోకు బాబూ" అంటుంది. చిట్టిరాజు అల్లుడు కనక ఇవాళ అతనికని వేరే కుండలో వండింది, తొలకరికి మొలిచిన పుట్టకొక్కుల కూర.

అల్లుడంటే అల్లుడే. కూతురు దేవి పోయి ఏడాది తిరగలేదు. నూతిలో తేలింది. తల వెనక పగిలి ఉంది. కాలు జారిందని అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. పెద్దలు తలూపారు. పెళ్ళాం పోయినా చిట్టిరాజు అత్త పాక మానలేదు. ఊరికే తాగే చోటు ఎవడు మానుకుంటాడు చెప్పండి.

"కూతురు సచ్చిందని కక్ష కట్టింది. మందెట్టి సంపేసింది," సత్తిరాజు మూగిన జనానికి చెప్పాడు.

సోమలమ్మ మట్టిలోంచి తలెత్తింది.

"కాలు జారి పడిపోనాదని పెద్దల ముందర సెప్పింది నువ్వే కదా నాయినా. జారి పడిపోతే నాకు ఎవులి మీద కక్ష?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి సత్తిరాజు ఒళ్ళు మండిపోయింది. పిడికిలి బిగించి ఆవిడ నోటి మీద గుద్దాడు. పళ్ళు రాలి మట్టిలో పడ్డాయి. కాలెత్తి డొక్కలో తన్నాడు. ఆవిడ ముడుచుకుపోయింది గాని కేక వెయ్యలేదు. అదీ కోపమే అయింది వాడికి. కత్తి ఎత్తాడు.

"ఆగరా," అన్నాడు ఊరి పెద్ద తాతాజీ, వాడి మణికట్టు పట్టుకుని. "నరికేస్తే నిజం తేల్తాదేటి? పోలీసోళ్ళు దిగేలోగా మన కట్టు పెకారం తేల్సుకుందాం. పోసిన సెయ్యే ముందు తాగాల. తాగనీ దాన్ని."

చిట్టిరాజు తాగిన కుండే తెచ్చారు. సోమలమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి గటగటా తాగింది. నెత్తురూ కల్లూ కలిసి గడ్డం మీంచి కారాయి. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు, ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుందని. పాక నీడ జరిగి కాళ్ళ మీదికొచ్చింది. ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇంకా తాగమంటారా?"

"కల్లు కాదు, కూరలో ఎట్టింది. కూర తినమనండి," సత్తిరాజు అరిచాడు.

"నమల్డానికి పళ్ళేవి నాయినా? ఇప్పుడే కదా రాల్గొట్టేవు."

తాతాజీ కూర కుండలోంచి ఒక ముక్క తీసి కుక్కకి వేశాడు. తినేసి తోకాడించింది. ఇంకా వెయ్యమని కాళ్ళ చుట్టూ తిరిగింది.

"ఏటి సత్తిరాజూ," ఒకడు వెనకనించి అన్నాడు, "ముసిల్దాని పళ్ళు రాల్గొట్టడానికి లెగిసిన సెయ్యి, కూర ముద్ద ఎత్తడానికి లెగదేటి?"

మళ్ళీ నవ్వులు. సత్తిరాజు కుండలో చెయ్యి పెట్టి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు. కాసేపు కడుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ కాలేదు. నలుగురూ చూస్తున్నారన్న పౌరుషం కొద్దీ మిగిలినదంతా ఊడ్చేశాడు. అప్పటికీ ఏమీ కాలేదు.

"తాగుబోతు గుండె, ఆగిపోనాది," అన్నారెవరో. "పాపం, ముసిల్దాని మీద పడ్డారు."

తాతాజీ గొంతు సవరించుకున్నాడు. "ఒరే సత్తిరాజూ, ఉత్తి పున్నేనికి నిందేసేవు. నెత్తురు కళ్ళజూసేవు. నిందేసినోడు నిందపడ్డోళ్ళ సేతి కల్లు తాగితే గాని తప్పు తీరదు. తాగనంటే ఊళ్ళో నీకు నిప్పూ నేదు, నీళ్ళూ నేవు."

సత్తిరాజు కత్తి కింద పడేశాడు. తమ్ముడి శవం వంక చూశాడు, ఆవిడ పగిలిన పెదవి వంక చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని అడ్డాకు డొప్ప ముందుకి చాపాడు.

"తప్పయిపోనాది అత్తా. పొయ్యి."

ఆ జాతి పుట్టకొక్కులు ఒట్టిగా తింటే ఏమీ చెయ్యవనీ, కల్లు ఒట్టిగా తాగితే ఏమీ చెయ్యదనీ, రెండూ ఒకే కడుపులో కలిస్తేనే ప్రాణం తీస్తాయనీ కొండ మీద పుట్టిపెరిగిన తల్లి దగ్గర నేర్చుకున్న సోమలమ్మ, ఆ డొప్ప అంచుదాకా నింపింది.