మరమనిషి వేషం

"ఈ సైంటిస్టు వేషం నేను వెయ్యను," అంటూ హీరో స్క్రిప్టును బల్ల అవతలికి తోసేశాడు. "మరమనిషిది వేస్తాను."

నిర్మాత గుండెల్లో రాయి పడింది. ఆయన హీరోకి స్వయానా బావమరిది. "అదేంటి బావా, సినిమా అంతా సైంటిస్టుదే కదా. అంతరిక్షం నుంచి వచ్చే గొంతు తనదేనని తెలిసి కూలబడే సీను వింటుంటే నాకే ఏడుపొచ్చింది."

"ఏడుపెవడిక్కావాలి? మరమనిషికి ఉక్కు ఒళ్లు, నీలం కళ్లు. పోస్టరు మీద ఎవరు కంటికి ఆనుతారో నువ్వే చెప్పు."

ఎదురుగా కూర్చున్న రచయిత్రి తొణకలేదు. పత్రికల్లో సైన్సు కథలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. సినిమాల్లోకి వచ్చాక మాత్రం ఆవిడ రాసేదొకటి, తెర మీద వినబడేదొకటి. సెట్లో అడుగుపెట్టగానే ఈ హీరోగారికి సొంత డైలాగులు తన్నుకొస్తాయి మరి. పోయిన సినిమాలో గ్రహాంతరవాసిని ఎదురుగా నిలబెట్టి తన వంశచరిత్ర మొత్తం వినిపించాడు. ఈ కథైనా రాసింది రాసినట్టు తెరకెక్కాలని ఆవిడ పంతం.

"వద్దండీ," అందావిడ. "మరమనిషిది చిన్న వేషం. పైగా కష్టం. మీ వల్ల కాదేమో."

హీరోకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా వల్ల కానిదేంటమ్మా?"

"అది యంత్రం. లోపల నింపిన మాటలు తప్ప ఒక్క ముక్క పలకదు. మీరేమో సొంత మాట కలపకుండా ఉండలేరు."

"ఉండి చూపిస్తాను. ఒక్క అక్షరం కలిపితే అప్పుడు అడగండి. మా బావమరిదే సాక్షి."

ఆవిడ కాసేపు బెట్టు చేసింది. "మరి సైంటిస్టు ఎవరు?"

"ఎవరో ఒకరు. మీకు నచ్చిన నాటకాలాయన్ని పెట్టుకోండి."

హీరో కారు గేటు దాటగానే నిర్మాత తల పట్టుకుని కూర్చున్నాడు. "కొంప మునిగిందమ్మా. ముఖ్యమైన వేషం ఎవరికో పోయింది. మీకేమో చీమ కుట్టినట్టయినా లేదు."

ఆవిడ మిగిలిన టీ తాపీగా తాగి, స్క్రిప్టు సంచిలో పెట్టుకుంది. "పత్రికలో వచ్చిన నా అసలు కథ చదివారా?"

"ఎక్కడమ్మా తీరిక? మీరు స్క్రిప్టు చదువుతుంటే విన్నాను, అంతే."

"వీలు చూసుకుని చదవండి," అంది రచయిత్రి లేస్తూ. "అందులో మరమనిషే లేడు."