కదలని ముల్లు

"లే అక్కణ్నుంచి," అన్నాడు యలమంద, కంప్రెషర్ మోటారు ఆపేసి.

ట్యాంకుకి వీపు ఆనించి మిరపకాయల తొడిమలు తీస్తున్న అతని భార్య శివపార్వతి తలెత్తలేదు. "వెచ్చగా ఉంది, ఉండనీ. ఆ నట్లూడదీసే గాలి గన్ను కొని వారమైంది, ట్రాక్టరు చక్రానికి ఒక్క నట్టన్నా ఊడదీశావా?"

అతను ట్యాంకు మీటరు చూశాడు. ముల్లు నూట ఇరవై మీదుంది. పొద్దున మోటారు వెయ్యకముందూ అక్కడే ఉంది. లోపల ఎంత గాలి ఎక్కిందో దేవుడికే తెలియాలి. ఎక్కువైన గాలిని వదిలే వాల్వు బుసకొడుతోందని మొన్ననే దాన్ని పీకేసి బోల్టు బిగించాడు. బాగుచేశానని భార్యతో చెప్పాడు.

"పార్వతీ, లేమ్మా."

ఏమే అనడమే తప్ప పేరు పెట్టి పిలిచే మనిషి కాదు. ఆమె చేట వదిలేసి గోడ అవతలికి పోయింది.

అతను గొట్టం సాగినంత దూరం వెళ్లి, గోడ చాటున గన్ను నొక్కి పట్టుకున్నాడు. నట్టు లేకుండానే అది గిర్రున తిరిగింది. చాలాసేపటికి రొద సన్నగిల్లి ఆగిపోయింది.

శివపార్వతి వెళ్లి మీటరు చూసింది. "ఇంకా నూట ఇరవై ఉందిగా?"

"గాలి అయిపోయింది. ముల్లే కదలదు."

ఆమె చూపు కొత్త బోల్టు మీద ఆగింది.

"బాగుచెయ్యడమంటే ఇదా?"

"అమ్మినవాడే..." అనబోయి ఆగాడు. "నేనే బిగించా."

ఆమె చేట తీసుకుని దూరంగా చలి నీడలో కూర్చుంది.

"నిన్న ఆ ట్యాంకుకి ఆనుకుని కూర్చుంది మన పిల్ల సౌజన్య," అంది.