పాత సౌండు

"ఇప్పుడు పాతది విను," అంటూ అహ్మద్ పాషా వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టాడు.

లచ్చిరాం కుర్చీలోంచి లేచాడు. "వద్దు పాషా భాయ్. నాకు తెల్సు గదా."

"తెల్సినా విను. తేడా ఏందో తెల్వాలె."

సారపాకలో ఆ దుకాణానికి ఇప్పటికీ పాషా వీడియోస్ అనే బోర్డే ఉంది. అమ్మేది మాత్రం సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు. క్యాసెట్లు కిరాయికిచ్చిన కాలం నుంచి పాషాకు మిగిలినవి ఈ వీసీఆర్, ఒక పాత బీరువా, పాత సౌండు మీద చావని అభిమానం. బొమ్మకు రంగులద్ది, గొంతులు మార్చి వదిలే కొత్త డిస్కులంటే ఆయనకు ఒళ్లు మంట.

"కొత్తదాంట్ల బొమ్మ అద్దమోలె ఉంది, కాదన. గని సౌండో? అసలు రీలు ఖరాబైందని గొంతులన్నీ మల్ల చెప్పించిన్రు. ఎవడో ఏసీల కూసోని అరిచిండు. గోదారి సప్పుడు గూడ నకిలీదే. ఇగో, ఇది జూడు."

తెర మీద నది నడుమ ఒక చిన్న పడవ. నడిపేవాడి మొహం కనిపించనంత దూరం. లచ్చిరాం గుమ్మం దగ్గరికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పడవ ఒరిగింది. వెనక నుంచి కేక వినిపించింది.

"యాడీ..."

లంబాడీలో అమ్మా అని. కొత్త డిస్కులో అదే చోట "అమ్మా" అనే వినిపిస్తుంది. లచ్చిరాం భుజాలు బిగుసుకున్నాయి. పాషా గబుక్కున ఆపేశాడు. పాపం, అన్న గొంతు తట్టుకోలేకపోయాడనుకున్నాడు.

నలభై ఏళ్ల కింద బూర్గంపాడు దగ్గర షూటింగ్ జరిగినప్పుడు పడవ నడపడానికి లచ్చిరాం అన్న హాతీరాంను పెట్టుకున్నారు. సినిమా మొత్తంలో అతనిది ఆ ఒక్క కేక. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఖమ్మం నుంచి వచ్చి స్థిరపడిన పాషా, హాతీరాంను చూడలేదు. ఇప్పుడతను లేడని మాత్రం తెలుసు. పోయినవాళ్ల గురించి తవ్వి అడిగే మనిషి కాదాయన.

"ఈ సినిమావే ఇప్పటికే ఎనిమిది క్యాసెట్లు కొన్నవంట. టేకులపల్లి దాక పోయి తెచ్చినవంట. గన్ని ఏం జేస్తున్నవ్? నాకు పోటీగ దుకాణం పెడ్తవా ఏంది?"

"మా యాడి కోసం భాయ్. కండ్లు కానరావు. చెవులు మంచిగనే ఉన్నయ్."

పాషా నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "కాపీ తీసిస్త. ఇది ఇయ్యలేను. దీనికోసమే రేపు హైదరాబాద్ నుంచి సినిమా కంపెనీ మనిషి వస్తున్నడు. పాత సౌండు కావాలని జనం గోల జేసిన్రంట. మల్ల డిస్కు ఏస్తరంట. పాతది, కొత్తది రెండు సౌండ్లు ఉంటయంట. డిస్కు మీద నా పేరు గూడ ఏస్తనన్నడు."

లచ్చిరాం గుమ్మం దగ్గర నుంచి గబగబా వెనక్కి వచ్చాడు. "కాపీ వద్దు భాయ్. ఇదే కావాలె."

"రెండిట్ల ఒకటే గొంతు గదా."

"మా ఇంటి గొంతు. మా ఇంట్లనే ఉండాలె."

పాషా భార్య మలికా పోయి మూడేళ్లయింది. ఊరంతటికీ సినిమాలు కిరాయికిచ్చిన మనిషి, ఆమె గొంతు ఒక్క నిమిషం కూడా దాచుకోలేకపోయాడు. పిలిచినట్టు ఉంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ గొంతు ఎలా ఉండేదో కూడా ఈమధ్య సరిగా గుర్తు రావడం లేదు. అది తల్చుకుంటేనే ఆయనకు భయం వేస్తుంది.

ఆయన క్యాసెట్ బయటికి తీసి, అంగీ కొసతో తుడిచి, లచ్చిరాం చేతిలో పెట్టాడు.

"తీస్కపో. పైసలు గిట్ల తియ్యకు. కంపెనోనికి బూజు వట్టి పోయిందని చెప్త."

"నీ పేరు..."

"నా పేరు బోర్డు మీద ఉంది గదా. మీ అమ్మను దిల్ నిండ విననియ్యి."

లచ్చిరాం ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. దాని ముందు కూర్చున్న బాలి, కొడుకు అడుగుల చప్పుడు విని తలెత్తింది. ఆమెకు ఎనభై దాటాయి.

"దొరికిందా బిడ్డా?"

"దొరికింది యాడీ."

"ఇదే ఆఖరుదా?"

"ఇదే. ఇగ ఎవరి దగ్గర లేదు."

లచ్చిరాం క్యాసెట్‌ను రాతి మీద పగలగొట్టాడు. లోపలి టేపు మొత్తం లాగి, పొయ్యిలో మంట మీద వేశాడు. అది ముడుచుకుని, నల్లటి పొగ కక్కుతూ కాలింది. ఆ వాసన పోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"కొత్తదాంట్ల ఎవరు అరిచిన్రు?"

"ఎవరో పిలగాడు. స్టూడియోల."

"అరిచినోడు ఇంటికి పోయిండా?"

"పోయుంటడు యాడీ. చాయ్ తాగి ఇంటికి పోయుంటడు."

బాలి తడుముకుని పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"ఆ షూటింగ్ దినం ఒడ్డు మీద అందరు కొట్టిన్రని, నేను గూడ చప్పట్లు కొట్టిన బిడ్డా."

లచ్చిరాం తల్లి చేతులను తన చేతుల్లోకి తీసుకున్నాడు.

పడవ మునగడం ఆ సినిమా కథలో లేదు.