కర్చీఫ్ వేసిన సీటు

"ఎలాగైనా చేర్చుకోండి సార్. పోయినసారి తప్పాను, ఆగస్టులోగా ఈ కోర్సు పాసవకపోతే యూనివర్సిటీ సీటు పోతుంది!"

మొదటి రోజే క్లాసందరి ముందూ ఇట్సెల్ బతిమాలింది.

"కుర్చీలు నిండిపోయాయి. ఎవరైనా మానేస్తే వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకి ఇస్తాను" అన్నాడు ప్రొఫెసర్ డెల్గాడియో.

సలీనాస్ కాలేజీలో వేసవి స్టాటిస్టిక్స్‌కి ఎప్పుడూ ఇంతే గిరాకీ. వసంతం టర్మ్‌లో అదే పరీక్ష తప్పిన ఇట్సెల్ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుంది.

ముందు వరుసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. రెఫుహియో ఆమె పేరు. అప్పటినుంచీ పాఠం వినడం తక్కువ, ఇట్సెల్‌ని చూడటం ఎక్కువ.

"తమాలె తింటావా తల్లీ?"

"వద్దండి."

"పోయినసారి ఎందుకు తప్పావు?"

"మీకెందుకండీ?"

మర్నాడు ఆవిడ ప్రొఫెసర్‌ని గుసగుసగా అడగడం ఇట్సెల్ చెవిన పడింది.

"నేను మానేస్తే నా సీటు ఎవరికిస్తారు సార్?"

ఇట్సెల్ ఒళ్లు మండిపోయింది.

"ఏ మనవరాలి కోసమో కర్చీఫ్ వేసిందే ముసల్ది! ఆఖరి రోజు తను లేచి దాన్ని కూర్చోబెడుతుంది" అంది స్నేహితురాలు యదీరాతో.

"మొదటి పేరు నీదేగా?"

"అయితే? పెద్దావిడ కన్నీళ్లు పెట్టుకుంటే సార్ కరిగిపోడూ?"

గురువారం కాఫీ దగ్గర రెఫుహియో ఆమెని ఆపింది.

"లిస్టులో మొదటి పేరు నీదేనా తల్లీ?"

"కాదు. చాలా కిందుంది."

అబద్ధం తడబడకుండా వచ్చింది. పెద్దావిడ మొహం వాడిపోయింది. తనని పక్కకి తప్పించే ఎత్తు పారలేదని ఇట్సెల్ లోలోపల నవ్వుకుంది.

క్లాసులో చేరడానికైనా మానడానికైనా శుక్రవారం ఆఖరి రోజు. ముందు వరుసలో కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇట్సెల్, వచ్చి కూర్చో. సీటు నీదే."

"అమ్మయ్య, పీడ విరగడైంది!" పైకే అనేసింది.

ప్రొఫెసర్ నవ్వలేదు.

"ఆవిడ పొద్దున్నే వచ్చింది. మొదటి పేరు నీదేనా అని నన్ను రెండుసార్లు అడిగాకే తన పేరు తీయించుకుంది."

"ఎందుకు సార్?"

"'ఆ పిల్ల నేలమీద కూర్చుంటే నాకు లెక్క ఎక్కడం లేదు. ఇన్నేళ్లు ఆగినదాన్ని, ఇంకో ఏడాది ఆగలేనా' అంది."

ఇట్సెల్ కుర్చీ అంచున ఆగిపోయింది.

"దేనికోసం ఆగడం సార్?"

"వసంతంలో ఆవిడా నీలాగే తప్పింది, ఆగస్టులో నువ్వు వెళ్లే యూనివర్సిటీలోనే ఆవిడకీ సీటొచ్చింది, ఇదే షరతు మీద."