అమ్మకు రెక్కలొచ్చాయి

"మళ్ళీ చెప్పు. ఏం పాసయ్యానన్నావు?"

"ప్రైవేట్ పైలట్ పరీక్ష. నిన్ననే లైసెన్సు చేతికిచ్చారు," అంది తల్లి, కూరలో ఉప్పు సరిచూస్తూ.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న కూతురి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వా? విమానం నడుపుతావా?"

"చిన్నదేలే. నలుగురు పడతారు. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త మోకాళ్ళు ముడుచుకోవాలి."

"శనాదివారాలు యోగా క్లాసు అన్నావు!"

"మొదటి రెండు వారాలు యోగాకే వెళ్ళాను. నడుం పట్టేసింది. తర్వాత ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బులో చేరాను."

"అంత దూరం నిన్నెవరు తీసుకెళ్ళారు?"

"ఇంకెవరు, అల్లుడుగారే దింపేవారు."

స్నానాల గదిలో గొంతెత్తి పాడుతున్న అల్లుడు ఠక్కున పాట ఆపేశాడు.

"ఆయనకి కూడా తెలుసా! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు తయారయ్యారు!" కూతురు ఆ గది తలుపుకి వినిపించేలా అరిచింది. లోపల నీళ్ళ చప్పుడు ఎక్కువైంది.

తల్లి ముప్ఫై ఏళ్ళు పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసింది. ఆపరేషన్ జరిగినంతసేపూ రోగి తల దగ్గర కూర్చుని, మీటర్ల మీంచి చూపు తిప్పకుండా, ఊపిరికి కాపలా కాసిన మనిషి. భర్త పోయాక, తనూ రిటైరయ్యాక కూతురింటికి వచ్చేసింది. కూతురిది వారంలో సగం రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. అమ్మ ఇంటిపట్టున ఉంటుంది, కుండీల్లో మొక్కలు చూసుకుంటుంది, టీవీ పెట్టుకుంటుంది అనుకుని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉంది. ఇప్పుడా నిశ్చింత మీద ఎవరో బిందెడు చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది.

"కృష్ణా రామా అనుకునే వయసులో ఇదేం పిచ్చమ్మా!"

"పైకెళ్తే ఇంకాస్త దగ్గర్నుంచి అనుకోవచ్చు."

"వేళాకోళాలొద్దు. ఒకటే ఇంజను! గాల్లో ఆగిపోతే?"

"చదునైన పొలం చూసుకుని దిగాలి. పరీక్షలో అదే చేయించారు. పక్కన కూర్చున్నాయన ఉన్నట్టుండి ఇంజను తగ్గించేసి, 'ఆగిపోయిందనుకోండి, ఇప్పుడేం చేస్తారు డాక్టరుగారూ?' అన్నాడు."

ఏం చేశావు అని అడగబోయి కూతురు నాలుక కరుచుకుంది. అడిగితే ఒప్పుకున్నట్టే అవుతుంది.

"సరే, లైసెన్సు వచ్చింది. ముచ్చట తీరింది. ఫ్రేము కట్టించి గోడకి పెడదాం. ఇంతటితో ఆపెయ్."

"ఆపడమేంటి? వచ్చే నెల తర్వాతది మొదలు."

"తర్వాతదా! ఇంకా నేర్చుకుంటావా?"

"ఇప్పుడు నాకు ఆకాశం తేటగా ఉంటేనే ఎగరనిస్తారు. మబ్బుల్లో బయటేమీ కనబడదు కదా, అప్పుడు మీటర్లు చూసి నడపాలి. దానికి వేరే శిక్షణ. నాకదేం కొత్త చెప్పు? బతుకంతా మీటర్లు చూసేగా మనుషుల్ని మళ్ళీ ఈ లోకంలోకి దించాను."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు ఊడబీకి పక్కన పెట్టింది.

"అయితే నేనెక్కడో డ్యూటీలో ఉండి, మా అమ్మ క్షేమంగా దిగిందో లేదోనని బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలన్నమాట. ఫోన్ మోగితే గుండె జారిపోవాలి. మోగకపోయినా జారిపోవాలి. అలా కూర్చోవడమంటే ఏమిటో తెలుసా నీకు?"

తల్లి గరిటె పక్కన పెట్టి కూతురి వైపు తిరిగింది.

"కొన్నాళ్ళు కూర్చుంటే అలవాటవుతుందిలే."

"ఎంత తేలిగ్గా అనేశావమ్మా!"

"నువ్వీ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు నేనూ ఇలాగే గోల చేశాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. నువ్వు ఆగావా?"

"నాది ఉద్యోగం. నీది సరదా. రెండూ ఒకటేనా?"

"సరదా అని ఎవరన్నారు?"

"మరెందుకు? అసలెందుకమ్మా ఇదంతా?" కూతురికి కోపంలోంచి ఏడుపు తన్నుకొస్తోంది.

తల్లి స్టవ్ ఆపేసింది.

"భయం పోతుందని. ఆపరేషన్‌కి ముందు రోగులు గజగజలాడేవాళ్ళు. ఏం జరగబోతోందో విడమరిచి చెబితే సగం భయం పోయేది. నా భయానికి అలా చెప్పేవాళ్ళు లేరు. అందుకే నేనే వెళ్ళి నేర్చుకున్నాను."

"పోయిందా మరి?"

"సగం పోయింది. మిగతా సగం మబ్బుల్లో ఉంది."

కూతురు చొక్కా అందుకుని గదిలోకి వెళ్ళింది. తయారై వచ్చేసరికి వీధిలో కారు హారన్ మోగింది. పెట్టె లాక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఆదివారం నేనూ వస్తాను. నీ పక్కనే కూర్చుంటాను. ఒక్క తప్పు చేశావో, అక్కడే అందరి ముందూ కడిగేస్తాను."

"కడుగుదువుగానిలే. చేరగానే ఫోన్ చెయ్యి."

"ఎప్పుడూ ఈ ఒక్క మాటే!" విసురుగా అంటూనే తల్లిని గట్టిగా వాటేసుకుని, చరచరా మెట్లు దిగి కారెక్కింది.

ఎయిర్‌పోర్టులో రెండు వందల మంది ప్రయాణికులు ఆ కెప్టెన్ కోసం ఎదురుచూస్తున్నారు.