ఒక్కటే మిగిలిన పట్టకారు

"ఏమండీ, అది కింద పెట్టేయండి. నాలుగు ఆదివారాలు కూడా రాదు."

తళతళలాడే పట్టకారు చేత్తో పట్టుకుని మురిసిపోతున్న పెద్దాయన పక్కకి చూశాడు. ఆవిడ. తల నెరిసింది గాని చూపు మహా చురుకు.

ఇనుప సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్ గుండెల్లో రాయి పడింది. పొద్దున్నుంచీ మొగుడూ పెళ్లాల పోట్లాటల గురించే దిగులు పడుతున్నాడు పాపం. ఇప్పుడొక జంట ఏకంగా కళ్ల ముందుకే వచ్చిందనుకున్నాడు.

అతన్ని దుకాణంలో అందరూ 'చూద్దాం' అని పిలుస్తారు. ఏమడిగినా చూద్దాం అంటాడు మరి. బిల్లు కౌంటర్లో కూర్చునే అమ్మాయి పెళ్లి చేసుకుందామా అని అడిగితే కూడా అదే మాట అన్నాడు. ఆమె ఓపిక పట్టి పట్టి ఇవాళ తేల్చి చెప్పేసింది. షట్టర్ దించేలోగా అవునో కాదో చెప్పాలి. మళ్లీ చూద్దాం అన్నాడా, తన దారి తను చూసుకుంటుంది.

ఆ అమ్మాయంటే అతనికి ప్రాణం. భయమల్లా పెళ్లంటేనే. ఇంట్లో అన్నా వదినా ఉప్పూ నిప్పూ. పొద్దున ఒక గిన్నె ఎగిరితే సాయంత్రం దాని మూత ఎగురుతుంది. ఇవాళ అతను నిద్ర లేచిందే పళ్లెం చప్పుడుకి.

"ఎందుకు రాదు?" అన్నాడు పెద్దాయన రోషంగా. "ఆరుబయట నిప్పుల మీద కాల్చుకోవడానికే కదా."

"అందుకే రాదు. ఆ స్ప్రింగ్ చూడండి, రెండుసార్లు సెగ తగిలితే సాగిపోతుంది. రేకు పల్చన. మొక్కజొన్న పొత్తు పట్టుకుంటే వంగిపోతుంది."

ఆయన నొక్కి చూశాడు. పట్టకారు కొస ఓ పక్కకి జారింది. ఆయన ముఖం కూడా.

"అయితే ఏది గట్టిదో మీరే చెప్పండి."

మీరు అన్నాడు! సేల్స్‌మన్ చెవులు నిక్కబొడుచుకున్నాడు. ఈ వయసులో భార్యని ఎంత మర్యాదగా పిలుస్తున్నాడు. అన్నయ్య వదినని 'ఏయ్' అని తప్ప పిలిచిన పాపాన పోలేదు.

ఇక మొదలైంది. ఆవిడ ఒక్కో అట్లకాడనీ బల్లకి ఆనించి వంచి చూసింది. పిడికి రివెట్లు కొట్టారా, ఉత్తినే అంటించారా అని గోటితో గీరింది. ముక్కలు గుచ్చే చువ్వల దగ్గర ఆయన ఎదురు తిరిగాడు. గుండ్రటివి పనికిరావు, చువ్వ తిరుగుతుంది గాని ముక్క తిరగదు, ఓ పక్క మాడి ఓ పక్క పచ్చిగా ఉండిపోతుంది, బల్లపరుపువే కావాలన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆ సంబరంలో ఆయన చువ్వని గాల్లో తిప్పాడు. పైన వేలాడదీసిన గరిటెల గుత్తికి తగిలి దుకాణమంతా మోగిపోయింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

అట్లకాడ పిడి చెక్కదా, స్టీలుదా అన్న దగ్గర గొడవ మళ్లీ రాజుకుంది. స్టీలుది ఒకే ముక్క, చచ్చినా ఊడదని ఆయన. ఊడదు సరే, చెయ్యి కాలుతుందని ఆవిడ. కాలినప్పుడు చూద్దాం అన్నాడాయన. ఎవరో తనని పిలిచారనుకుని సేల్స్‌మన్ "సార్" అన్నాడు.

చివరికి అతనే పై అరలోంచి అసలైన పట్టకారు దించాడు. మందపాటి రేకు, పొడుగు చేతులు, చెక్కుచెదరని స్ప్రింగ్. ఆవిడ దాంతో అతని జేబులో పెన్ను లాగింది. ఆయన అందుకుని అతని టోపీ లేపాడు. ఇద్దరికీ అదే నచ్చింది. ఉన్నదేమో ఒక్కటే.

"ఇంకోటి లేదా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

ఒక ఇంట్లో రెండు పట్టకార్లెందుకో సేల్స్‌మన్‌కి అర్థం కాలేదు. చూస్తే బుట్టలు కూడా చెరొకటి పట్టుకున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఎవరి సామాను వాళ్లదని పంచేసుకుని ఉంటారు. ఇప్పుడు ఏదో ఒకటి ఎగరడం ఖాయమని వెనక్కి జరిగాడు.

ఏదీ ఎగరలేదు.

"ఏమండీ, పట్టకారు మీ దగ్గరే ఉంచండి," అంది ఆవిడ. "అట్లకాడ, నూనె రాసే బ్రష్షు నేను తీసుకుంటాను. ఆదివారం అన్నీ ఒకచోట చేరితే సరిపోతుంది."

"నిప్పు నేను రాజేస్తాను," అన్నాడాయన. "మీరు పక్కన నిలబడి తప్పులు పట్టాలి."

"అది వేరే చెప్పాలా?"

సేల్స్‌మన్‌కి కళ్లు చెమర్చాయి. పెళ్లయ్యాక ఇలా కూడా పోట్లాడుకోవచ్చన్నమాట. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం? తనకి కావలసిందీ ఇదే. అట్లకాడ కోసం, చువ్వల కోసం ఆ అమ్మాయితో జీవితాంతం పోట్లాడాలి. టోపీ సంగతి కూడా మరిచిపోయి కౌంటర్ వైపు పరుగు తీశాడు. దారిలో బకెట్ల దొంతరని గుద్దుకున్నాడు. అవి దొర్లుకుంటూ అతనికంటే ముందే కౌంటర్ చేరాయి.

"అవును," అన్నాడు రొప్పుతూ.

"ఏది అవును?" అంది అమ్మాయి.

"పొద్దున నువ్వడిగింది. చూద్దాం కాదు. చేసుకుందాం."

అమ్మాయి నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. యజమాని గోదాములోంచి తొంగి చూసి బకెట్లు పడేసిందెవరని అడిగాడు. జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

"వాళ్లని చూశాకే నాకు ధైర్యం వచ్చింది," అన్నాడు సేల్స్‌మన్, వెనకే నడిచి వస్తున్న ఇద్దరినీ చూపిస్తూ. "మనమూ అచ్చం అలాగే ఉండాలి."

అమ్మాయి కళ్లు తుడుచుకుని వాళ్ల బుట్టలు అందుకుంది. పెద్దాయన పట్టకారు బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాని పక్కనే అట్లకాడ పెట్టి, కాస్త మొహమాటంగా ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, ఆదివారం మీ ఇంటికి వస్తాను సరే గాని, ఇంతకీ మీ పేరేమిటి?"